నవ్వే బల్ల

"ఏ బల్ల, డ్వేన్?" అని అడిగాను. లాస్ వేగాస్‌లో పోకర్ ఆడి బతికేవాడికి చేతిలో ముక్కల కన్నా కూర్చునే బల్ల ముఖ్యం.

"ఏడో బల్ల. మెర్ల్ వచ్చాడు. వాడు జోకేస్తే నువ్వు నవ్వు. మనం నవ్వితే లేవడు, లేవకపోతే ఓడతాడు," అన్నాడు నాలాగే ఆడి బతికే డ్వేన్.

మెర్ల్ ఒకప్పుడు పళ్ళు పీకిన డాక్టరు. ఇప్పుడు మాకు పళ్ళ చెట్టు. భార్య పోయాక ఈ నవ్వుల కోసమే రోజూ వస్తున్నాడు. మధ్యాహ్నమంతా ఆయన జోకులకి పళ్ళికిలించాం.

ఆయన బాత్రూంకి వెళ్ళగానే నవ్వులు ఆగాయి, ఆటా ఆగింది. మాలో మేం ఆడుకుంటే ఏమొస్తుంది?

మరిచిపోయిన కళ్ళజోడు కోసం మెర్ల్ వెంటనే తిరిగొచ్చాడు. చేతులు కట్టుకుని మూగగా కూర్చున్న మమ్మల్ని చూశాడు.

"ఆడట్లేదేం?"

"నువ్వు లేకపోతే మజా ఏముంది, డాక్టర్!" అన్నాడు డ్వేన్.

మెర్ల్ కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. "సరే, ఇంకోటి వినండి. ఒక ముసలావిడ నా దగ్గరికొచ్చి, కుర్చీలో కూర్చుని..." అంటూ ఆగాడు.

అందరం పగలబడి నవ్వాం. నేనైతే బల్ల గుద్ది మరీ నవ్వాను.

ఆయన తన పందెం చిప్స్ జేబులో వేసుకుని, తెరిచిన మా నోళ్ళలోకి వరసగా చూశాడు.

"జోకు ఇంకా పూర్తే కాలేదు. మూసుకోండి, బాబూ. అన్నీ పుచ్చే!"