నైట్ డ్యూటీ నిద్ర

"సప్పుడు చెయ్యకవ్వా! మా ఆయన నైట్ డ్యూటీ దిగొచ్చి పండుకున్నడు." జమున గొంతు తగ్గించి కసిరింది.

గుమ్మం ముందు సంచీతో నిలబడ్డ ముసలామె కదల్లేదు. ఎవరో ఏమో, పొద్దున్నుంచి గోదావరిఖని కాలనీలో ఇల్లిల్లూ తిరుగుతోంది.

"నొప్పి గోలీలు ఎక్కువైతే ముక్కుల కొట్టే మందు, బిడ్డా. ఉత్తగనే ఇస్తున్న. ఇంట్ల ఒకటి పెట్టుకో."

"మా ఇంట్ల గసొంటోళ్లు ఎవ్వరు లేరు. పో."

రాత్రి షిఫ్టు మనిషి పడుకున్నాడంటే ఆ కాలనీలో కుక్కర్ కూడా కూయకూడదు. పిల్లలు సైగలతోనే పోట్లాడుకోవాలి. ఆ కాపలాలో జమున ఆరితేరిన మనిషి.

లోపల్నుంచి కిషన్ గురక వినిపించింది. గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు గరగరమంటోంది.

ముసలామె చెవి రిక్కించింది. "ఆ గురక మంచిది కాదు. లేపు."

"లేపుడా? నడుం నొప్పికి గోలీలు ఏసుకున్నంక ఇయ్యాల్నే జర కన్నంటింది."

"ఎన్ని ఏసుకున్నడు?"

"నేను సూడలె."

ముసలామె ఆమెను పక్కకు నెట్టి లోపలికి దూసుకుపోయింది. ఎంత తెగింపు! జమునకు ఒళ్లు మండింది. చెయ్యి పట్టి లాగబోయి ఆగిపోయింది.

కిషన్ పెదవులు నీలం తిరిగి ఉన్నాయి. కుదిపినా పలకలేదు. గురక కూడా ఆగిపోయింది.

"అంబులెన్సుకు ఫోన్ చెయ్, జల్ది!"

ముసలామె అతని తల వెనక్కి వంచి, ముక్కులో మందు కొట్టింది. నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదింది. మళ్లీ ఊదింది. జమున ఫోన్ అందుకుని అంబులెన్సుకు చేసింది.

ఉన్నట్టుండి కిషన్ దగ్గాడు.

"ఏందీ లొల్లి? పండుకోనియ్యరా?"

ఆ విసుగు చెవిన పడగానే జమునకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. మొగుణ్ణి పట్టుకుని భోరున ఏడ్చింది.

"మందు జోరు తగ్గితే మళ్ల మత్తు కమ్ముతది. దవాఖానల్నే ఉంచుండ్రి," అంది ముసలామె, అంబులెన్సు రాగానే.

సాయంత్రానికి ఆసుపత్రి మంచం మీద కిషన్ లేచి కూర్చుని చాయ్ అడిగాడు. జమున మనసు తేలికపడింది. అప్పుడు గుర్తొచ్చింది, ఆ ముసలామెకు ఒక్క దండమైనా పెట్టలేదని.

వరండాలో అంబులెన్సు డ్రైవర్ పోశం కనిపించాడు.

"అన్నా, పొద్దుగాల నా మొగన్ని బతికిచ్చిన నర్సమ్మ ఏ దవాఖానల చేస్తది?"

"నర్సెక్కడిది చెల్లె? శ్రీరాంపూర్ల కొడుకు గట్లనే గురక పెడుతుంటే, మంచిగ నిద్రవట్టిందని సంబురపడి, పిలగాడు పాణం ఇడిసేదాక ఎవ్వల్నీ లోపలికి పోనియ్యకుంట వాకిట్ల కావలి కూసున్న తల్లి ఆమె."