మూతకి లక్క

నౌపడ ఉప్పుమళ్ళ దగ్గర కారు మూడోసారి ఆగింది.

"ఒరే సోములూ, నీకు ఎడ్లబండే ఎక్కువరా, కారెందుకు?" అన్నాడు వెనకసీట్లోంచి ఉప్పు వ్యాపారి నరసింగరావు. "ఇంకోసారాగితే నీకు పన్లేదు."

సోములు దిగి పెట్రోలు ట్యాంకు మూత తిప్పాడు. బుస్సుమని గాలి లోపలికి పోయింది. మూతకున్న సన్నటి కన్నం లక్కతో మూసేసి ఉంది.

"గాలెల్లకపోతే ఇంజనుకి పెట్రోలు రాదు బాబూ. ఈ లక్క ఎవులెట్టినారు?"

"నేనే. అందులోంచి నువ్వు పెట్రోలు లాగేస్తన్నావని."

"ఈ కన్నంలోంచా! సీమైనా దూరదు."

సోములు పిన్నీసుతో లక్క గీకి, మూత బిగించి, ఇంజను స్టార్టు చేశాడు. పదేళ్ళుగా ఈ కారు నడుపుతున్నా, ఈయన కళ్ళకి తాను దొంగేనన్నమాట.

"మరి ముందే సెప్పొద్దేటిరా? సర్లే, కారు పోనీ!" అన్నాడు నరసింగరావు.

సోములు దిగి తలుపు మూశాడు.

"కారు నడుస్తాది బాబూ. నడిపీవోణ్ణి ఎతుక్కోండి."