ముగ్గురు చెప్పిన మాట

రామకోటేశ్వరరావు గారితో వచ్చిన చిక్కల్లా ఒకటే. ఒకరు చెబితే ఏదీ నమ్మరు. ముగ్గురు చెబితే మాత్రం తన కళ్ళను కూడా నమ్మరు. రాజేశ్వరి పాతికేళ్ళుగా ఈ సుగుణంతోనే కాపురం చేస్తోంది.

ఆ ఆదివారం పొద్దున్నే ఆయన పటమటలోని తమ ఫ్లాటు హాల్లో, ఫోను చేత్తో పట్టుకుని నిలబడ్డారు.

"మైలవరం సంబంధం వద్దని చెప్పేస్తున్నాను," అన్నారు.

నోటి దాకా వెళ్ళిన పెసరట్టు ముక్క సింధూరి చేతిలోనే ఆగిపోయింది. తేజేశ్వర్ పెళ్ళిచూపులకు వచ్చి వెళ్ళి వారం కూడా కాలేదు. అంతకు ముందు ఏడు సంబంధాలను 'ఆలోచిస్తాను' అని చెప్పి, ఆలోచించకుండానే పంపేసిన పిల్ల, ఈ అబ్బాయికి మాత్రం అతను మెట్లు దిగకముందే సరే అంది.

"ఎందుకు నాన్నా?"

"అతని జుట్టు అతనిది కాదు. విగ్గు."

"ఎవరన్నారు?"

"ముగ్గురన్నారు."

ఇంక ఆ ఇంట్లో అప్పీలు లేనట్టే. అయినా సింధూరి ఊరుకోలేదు.

"ఇదే హాల్లో, నీ ఎదురుగానే కూర్చున్నాడు కదా నాన్నా! ఫ్యాను గాలికి జుట్టంతా కళ్ళలో పడుతుంటే పాపం ఎన్నిసార్లు పైకి తోసుకున్నాడో నువ్వు చూడలేదూ?"

"మంచి రకమైతే అలాగే ఎగురుతుంది, ఊడదు. అసలు వెంట్రుకలతోనే చేస్తారమ్మా. నీకు తెలీదు."

రాజేశ్వరి వంటింట్లోంచి పెసరట్టు తిరగేస్తూ అందుకుంది. "పోనీ, విగ్గే అనుకుందాం. విగ్గు పెట్టుకున్నవాళ్ళు పెళ్ళాల్ని బాగా చూసుకోరా ఏంటి?"

"చూసుకుంటారు! ఎందుకు చూసుకోరు?" ఆయన గొంతు కాస్త లేచింది. "నా బాధ విగ్గు గురించి కాదు రాజేశ్వరీ, దాచడం గురించి. పెళ్ళి మాటల్లోనే ఇది దాచినవాడు రేపు ఇంకేం దాస్తాడో!"

"అయితే దాచడం తప్పంటారు."

"ముమ్మాటికీ తప్పే."

రాజేశ్వరికి ఎందుకో పొలమారింది. గ్లాసుడు మంచినీళ్ళు తాగి, స్టవ్వు కట్టేసి, వచ్చి భర్త పక్కన కూర్చుంది.

"ఎవరండీ ఆ ముగ్గురూ?"

"రత్తయ్య, నతానియేలు గారు, మాణిక్యం."

రత్తయ్య ఆయనతో రోజూ వాకింగుకు వచ్చే స్నేహితుడు. నతానియేలు పై అంతస్తులో ఉండే రిటైరైన మాస్టారు. మాణిక్యం కింది ఫ్లాటావిడ.

"చూసి చెప్పారా, విని చెప్పారా?"

"ముగ్గురు పెద్దమనుషులు ఊరికే చెబుతారా?"

"ఆ ముక్కే అడుగుదాం. స్పీకరు పెట్టండి."

రత్తయ్య మొదటి రింగుకే ఎత్తాడు. "నేనెక్కడ చూశానయ్యా బాబూ? మొన్న లిఫ్టులో మీ మాస్టారు చెబితే నీ చెవిన వేశాను. అయినా నిప్పు లేనిదే పొగ వస్తుందా?"

నతానియేలు గారు గొంతు సవరించుకున్నారు. "నేను చూడలేదండీ. మాణిక్యం గారు చెప్పారు. ఆవిడ చూడకుండా అనరు కదా అని..."

"ముగ్గురు కాస్తా ఒక్కరయ్యారు," అంది సింధూరి వేళ్ళు మడుస్తూ.

"ఆ ఒక్కరూ మాణిక్యం. ఆవిడ మాటంటే మాటే," అన్నారాయన. కానీ నెంబరు నొక్కడంలో ఇందాకటి హుషారు లేదు.

"చెవులారా విన్నాను అన్నయ్య గారూ!" అంది మాణిక్యం. "మైలవరం నుంచి వచ్చిన పెద్దావిడ, మీ దానమ్మ లిఫ్టు దగ్గర మాట్లాడుకుంటుంటే నా చెవిన పడింది. 'అంతా మంచివాళ్ళే, వంక పెట్టాలంటే విగ్గొక్కటే' అని. మరీ అంత గుసగుసగా చెప్పుకుంటుంటే వినకుండా ఎలా పోతాం చెప్పండి?"

దానమ్మ వెనక బాల్కనీలో గిన్నెలు తోముతోంది. పిలవగానే చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"దానమ్మా, ఆ మైలవరం ఆవిడ నీకు విగ్గు సంగతి చెప్పిందా?"

"ఆవిడెక్కడ చెప్పిందండీ? నేనే చెప్పాను."

"నువ్వా? ఆ అబ్బాయి జుట్టు సంగతి నీకెలా తెలుసు?"

"అయ్యో, ఆ బాబు ఊసు నేనెందుకు ఎత్తుతానండీ? ఆవిడ మనింటి గురించి వాకబు చేసుకోడానికి వచ్చింది. అమ్మాయిగారు బంగారం అన్నాను. అమ్మగారిది వెన్నలాంటి మనసు అన్నాను. ఇంకేమన్నా ఉంటే దాచకుండా చెప్పవే అంది..."

అక్కడితో ఆగి దానమ్మ రాజేశ్వరి వైపు చూసింది. రాజేశ్వరి ఫ్యాను వైపు చూసింది. సింధూరి పెసరట్టులో అల్లం ముక్కలు వెతకసాగింది.

అంతలో ఆయన చేతిలో ఫోను మోగింది. అబ్బాయి తండ్రి సాంబమూర్తి గారు. స్పీకరు ఇంకా తీయనే లేదు.

"నమస్కారమండీ. మీ అమ్మాయి మా అందరికీ నచ్చింది. మా ఇంటావిడైతే మంగళగిరి వెళ్ళి అప్పుడే చీర కూడా తెచ్చేసింది. మీ దగ్గర్నుంచే ఏ కబురూ లేదు. మావాడిలో ఏమైనా లోపం కనబడిందా? మొహమాటపడకుండా చెప్పండి."

రామకోటేశ్వరరావు గారు కూతురి ముఖంలోకి చూశారు. దానమ్మను చూశారు. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకున్న భార్యనూ చూశారు. తర్వాత ఇంట్లో అందరికీ వినపడేలా అన్నారు.

"మీవాడిలో ఏ లోపమూ లేదండీ. పొరబడింది నేనే. విగ్గు నాది."