కుప్పయ్య ప్రమాణం

కుప్పయ్య తాళం తీసి తలుపు లాగాడు. పెట్టెలో ఏమీ లేదు.

చెన్నై నుంచి వ్యాన్‌లో వచ్చిన మనిషి లోపలికి తొంగిచూశాడు. కొత్త రంగు వాసన తప్ప ఇంకేమీ తగల్లేదు.

"దీనికా సార్, అన్నిసార్లు ఫోన్లు చేసి రమ్మన్నారు?" అన్నాడు అక్కడున్న కాలనీ పెద్దలతో. ఖాళీ వ్యాన్ తోలుకుని వెళ్లిపోయాడు.

చిత్తూరు మామిడితోట కాలనీకి తల కొట్టేసినట్టయింది.

ఛార్జింగ్ లైట్లు, కార్డ్‌లెస్ ఫోన్లు, సెల్‌ఫోన్లు అప్పటికి ఇంటింటికీ వచ్చేశాయి. వాటి బ్యాటరీలు పాడయ్యాక చెత్తలో పారేస్తే ఆ విషం బోరు నీళ్లలోకి దిగుతుందని, ఒకచోట పోగుచేస్తే తామే తీసుకెళ్లి కరిగించి మళ్లీ వాడతామని చెన్నైవాళ్లు చెప్పారు. సంఘం అధ్యక్షుడు వెంకటరమణ కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. వెంటనే ఇనుప పెట్టె చేయించి ఆఫీసు గోడకు బిగించారు. వాన పడకుండా పైన రేకు కప్పు, ముందు తలుపు, తలుపుకు తాళం. కొబ్బరికాయ కొట్టారు. తలా ఒక బ్యాటరీ చేత పట్టుకుని ఫోటో దిగారు. పులిహోర పంచారు. ఆ తర్వాత ప్రతి మీటింగులోనూ "ఎవరెవరు వేసినారు?" అని అడిగితే చేతులన్నీ లేచేవి.

తాళంచెవి ఒక్కటే. అది వాచ్‌మన్ కుప్పయ్య మొలతాడుకు ఉండేది.

వ్యాన్ ఖాళీగా పోయిన సాయంత్రమే మీటింగు పెట్టారు.

"నేను నాలుగు వేసినాను వెంకటరమణన్నా," అంది చంద్రకాంతమ్మ. "శుక్రవారం తలకు పోసుకొని, నా చేత్తో నేనే వేసినాను. లోపల టంగుమని పడింది. ఆ సప్పుడు ఇంకా చెవిలో ఉండాది."

"మీవి చిన్నవి లేమ్మా," అన్నారు రాజారత్నం మాస్టారు. "నాది పెద్ద ఛార్జింగ్ లైటుది. ఇటుకరాయంత. సందులో పట్టలే. అట్ల తిప్పి, ఇట్ల తిప్పి, తోసి తోసి పంపినాను. సూడండి, అంచు గీరుకొని వేలు ఎట్లయిందో."

అందరూ వేలు చూశారు. గీత నిజంగానే ఉంది.

"అందరికంటే ముందు పడినవి నావి," అన్నారు వెంకటరమణ. "పెద్దరికం అన్నాక ముందు మనం చేసి చూపించల్ల గదా."

కుప్పయ్య చేతులు జోడించాడు.

"అయ్యా, నేను ఆ తలుపు తెరిసిందే ఈ పొద్దు. దేవుని తోడు."

"మరి యాడికి పోయినాయప్పా? రెక్కలొచ్చి ఎగిరిపోయినాయా?" అన్నారు వెంకటరమణ. "కాలనీ అంతా వేసింది. తాళంచెవి నీకాడ ఉండాది. ఇంక మేమేమనుకోవల్ల?"

పదకొండేళ్లుగా ఆ కాలనీకి కాపలా కుప్పయ్యే. ఊళ్లకు పోయేటప్పుడు ఇళ్ల తాళాలు అతనికే ఇచ్చిపోయేవాళ్లు. అతని భార్య చౌడేశ్వరి అక్కడే నాలుగిళ్లలో పనిచేస్తోంది. దొంగ అన్న మాట ఒక్కటి పడితే ఇద్దరినీ చిత్తూరులో ఏ గేటు దగ్గరా నిలబడనివ్వరు.

"కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" అడిగారు వెంకటరమణ.

కాణిపాకం వినాయకుడి ముందు అబద్ధం చెప్పి బాగుపడినవాడు లేడు. గుడి మెట్ల దాకా పోయి, ధైర్యం చాలక అక్కడే తప్పు ఒప్పుకున్నవాళ్లను ఆ జిల్లాలో ప్రతి ఊరూ చూసింది.

"సేస్తానయ్యా," అన్నాడు కుప్పయ్య. "రేపే పోదాం."

"ఆలోచించుకో కుప్పయ్యా," అంది చంద్రకాంతమ్మ జాలిగా. "ఆ సామి దగ్గర ఆటలు సాగవు. ఇప్పుడే చెప్పేస్తే మాలో మేము సర్దుకుంటాం."

"సెప్పేదానికి నాకాడ ఏమీ లేదమ్మా."

మర్నాడు పదిమంది బస్సెక్కారు. కుప్పయ్య స్నానం చేసి తడిబట్టలతో సన్నిధిలో నిలబడ్డాడు.

"ఆ పెట్టెలో నుంచి ఒక్క బ్యాటరీ నేను తీసింటే నా రెండు కండ్లూ పోనీ సామీ."

పక్కనున్నవాళ్లంతా కళ్లు గట్టిగా మూసుకుని దండం పెట్టుకున్నారు. రాజారత్నం మాస్టారు గుంజిళ్లు కూడా తీశారు.

ఆనాటి నుంచి కాలనీ మొత్తం కుప్పయ్య కళ్ల మీదే దృష్టి పెట్టింది. వారం గడిచింది. నెల గడిచింది. గేటు దగ్గర కూర్చుని, అద్దాలు లేకుండానే పేపరు చదువుతున్నాడు.

"ఆ సామికి ఎన్ని పనులో పాపం. నిదానంగా సూస్తాడులే," అంది చంద్రకాంతమ్మ.

రెండో నెల కూడా గడిచాక వెంకటరమణే దిగివచ్చారు.

"సరేలేప్పా, నువ్వు తియ్యలే. నమ్మినాం. ఎవడో దొంగతాళం పెట్టి తీసింటాడు. అయినా ఒక మాట అడుగుతా. మేమంతా వేస్తిమి. పదకొండేండ్లుగా ఈ బోరు నీళ్లే తాగుతాండావు. నువ్వు ఒక్కటన్నా వేసినావా?"

కుప్పయ్యకు సిగ్గేసింది. నిజమే, తను ఒక్కటీ వేయలేదు. దేవుడు తన మాట నిలబెట్టాడు. తను మాత్రం కాలనీ మాట వినలేదు.

సంఘం ఇచ్చిన ఛార్జింగ్ టార్చి పనిచేయక అప్పటికి రెండు వారాలైంది. దాని బ్యాటరీ ఊడదీసి, గుడ్డతో తుడిచి, తెల్లవారగానే పెట్టె దగ్గరికి వెళ్లాడు.

రేకు కప్పు కింద చెయ్యి దూర్చి ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమి, వంగి అడుగున చూసి, రెండు పక్కలా చూసి, బ్యాటరీ చేతిలోనే పట్టుకుని నిలబడిపోయాడు కుప్పయ్య. ఆ పెట్టె చేసినవాడు బ్యాటరీలు వేయడానికి సందు కొయ్యనే లేదు.