గువ్వకు వేలాడే గూడు

గిజిగాళ్లలో గూడు అల్లేది మగపక్షులే; అవి వదిలేసిన గూళ్లు విప్పి చూసి, దొంగచాటుగా అల్లిక నేర్చుకున్న సంగతి సింగారి అనే ఆడ గిజిగాడు ఎన్నడూ పైకి అనలేదు. ఇవాళ ఆ మాటతోనే మొదలుపెట్టి, తన వ్యాపారమంతా చీమ పెద్దమ్మకు గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది.

"గువ్వలవి నాలుగు పుల్లల గూళ్లు పెద్దమ్మా! గాలొస్తే గుడ్లు జారిపోతాయి. వేలాడే గూళ్లు నేను అల్లి ఇస్తా, వాళ్లు గింజలిస్తారు!"

చీమ గూడు వేలాడబోయే ఈతమట్ట ఎక్కి ఊగి చూసింది, అల్లికకు తెచ్చిన రెల్లుపోచ కొరికి చూసింది. "పని గట్టిదేనే. మరి నీ గూటికి దారి అడుగున కదా, కిందినుంచి పైకి దూరడం గువ్వకొచ్చా?"

సింగారి తెల్లబోయింది. "అడగలేదు."

"రెల్లంతా చీల్చాక అడుగుతావా?"

గువ్వ వద్దంటే ఇన్నాళ్ల కల గాల్లో కలిసినట్టే. అయినా రెక్కలు నిలవడం లేదు. కావాలంటే గూటి దారి పక్కకు పెట్టొచ్చు! ఏదైతే అదైందని మట్ట చివరకు ఎగిరి గొంతెత్తింది:

"గువ్వ వదినా!"