తోడల్లుడి సైకిల్లో సీసం గుళ్ళు

మామగారు మధ్యాహ్నం కునుకు తీస్తున్నారని రెండుసార్లు తొంగిచూసి రూఢి చేసుకున్నాక, పెద్దల్లుడు తోడల్లుడి సైకిలు సీటు ఊడబెరికి, దాని కింది గొట్టంలో సీసం గుళ్ళు పోయడం మొదలుపెట్టాడు. అవి కాస్తా గలగలమన్నాయి. ఉలిక్కిపడి మూడోసారి తొంగిచూశాడు. పైన ఇంత గ్రీజు వేసి, పాత గుడ్డ కుక్కి, సీటు మళ్ళీ బిగించి, ఏమీ ఎరగనివాడిలా వెళ్ళి చేతులు కడుక్కున్నాడు.

పాపం, అతను మరీ అంత దుర్మార్గుడేం కాదు. గతిలేక చేశాడు.

మామగారిది టైటానియం సైకిళ్ళు తయారుచేసే షాపు. ఆ లోహం వానలో పడేసినా తుప్పు పట్టదు, ఫ్రేము ఒంటిచేత్తో ఎత్తేయొచ్చు. అతకడమే పెద్ద తలనొప్పి. గ్యాసు పట్టి, గాలి సోకకుండా అతకాలి. అతుకు వెండిలా మెరవాలి. నీలంగా మారిందా, మామగారు ఆ ఫ్రేమును చెత్తలో పారేసి, చేసినవాణ్ణి అందరి ముందూ కడిగేస్తారు. పెళ్ళయిన నాటినుంచీ ఆ తిట్లు తిని తిని పని నేర్చినవాడు పెద్దల్లుడు. చిన్నల్లుడు నిన్నగాక మొన్న వచ్చాడు. ఇప్పుడు మామగారికి చూపు ఆనడం లేదు. షాపు ఎవరో ఒకరికి అప్పజెప్పేస్తానని ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పారు.

"చెరో సైకిలు చేయండి. ఆదివారం గుట్ట ఎక్కించి చూస్తాను. తాళాలు ఎవరికో అక్కడే చెబుతాను."

గుట్ట ముందెక్కినవాడికే అని వేరే చెప్పాలా? అక్కడే వచ్చింది చిక్కు. చిన్నల్లుడు గట్టిగా ఊదితే ఎగిరిపోయేలా ఉంటాడు, గుట్టలెక్కడం అతనికి సరదా. పెద్దల్లుడు వంగి తన బూట్లు తను కట్టుకోవాలన్నా పొట్ట ఒప్పుకోదు.

"షాపు చేయి జారిందంటే, రేపణ్ణుంచి మా చెల్లెలి మొగుడి దగ్గర కూలికి పోతారా?" అంది పెళ్ళాం.

ఆ మాట అతనికి కంటిమీద కునుకు లేకుండా చేసింది. అందుకే ఈ సీసం.

ఆదివారం పొద్దున గుట్ట కింద, వ్యానులోంచి సైకిళ్ళు దించే పని కూడా పెద్దల్లుడే మీద వేసుకున్నాడు. "నువ్వు శ్రమపడకు తమ్ముడూ, నేనున్నాగా," అన్నాడు. బరువు తెలియనివ్వకుండా నవ్వుతూ దించేసరికి నడుం కలుక్కుమంది.

"అన్నయ్యది ఎంత మంచి మనసో!" అని చిన్నల్లుడు మురిసిపోయాడు.

తీరా ఎక్కబోతుంటే మామగారు చెయ్యి అడ్డంపెట్టారు.

"ఆగండాగండి. ఒకరిది ఒకరు తీసుకోండి."

పెద్దల్లుడు తన సైకిలు హ్యాండిలు వదల్లేదు. "అంటే?"

"నీది వాడికివ్వు, వాడిది నువ్వు తొక్కు. ఇందులో అర్థం కానిదేముంది?"

"అది నా కొలతకి చేసుకున్నది కదండీ మామయ్యగారూ..."

"సీటు సరిచేసుకో. సీటు ఊడదీయడం నీకు కొత్తా?"

పెద్దల్లుడికి పైప్రాణాలు పైనే పోయాయి. ముసలాయన ఆ రోజు నిద్రే పోలేదన్నమాట! కళ్ళు మూసుకున్నట్టు నటించి తతంగమంతా చూశాడన్నమాట! ఇక నోరెత్తితే గుట్టు రట్టే. తేలు కుట్టిన దొంగలా కిమ్మనకుండా తోడల్లుడి సైకిలెక్కాడు.

చిన్నల్లుడు ఈలవేసుకుంటూ మొదటి మలుపు దాటేశాడు. పెద్దల్లుడికి సగం గుట్టకే నాలుక బయటికొచ్చింది. పోసిన ప్రతి గుండూ వెనక్కి లాగుతోంది. కాస్త తక్కువ పోసి ఏడ్చినా బాగుండేదే అని తన దురాశను తనే తిట్టుకున్నాడు. చివరి మలుపులో చేతికర్ర పొడుచుకుంటూ నడిచిపోతున్న ముసలమ్మ ఒకావిడ అతన్ని దాటేసింది. దాటేసి ఊరుకోక, "దిగి నడు నాయనా, తొందరగా వెళ్తావు," అని సలహా కూడా ఇచ్చింది.

చచ్చీచెడీ పైకి చేరేసరికి వ్యానులో వచ్చిన మామగారూ, కూతుళ్ళిద్దరూ ఎదురుచూస్తున్నారు. చిన్నల్లుడు చెమట కూడా ఆరిపోయి, బండమీద కూర్చుని కాళ్ళూపుతున్నాడు. మామగారు జేబులోంచి తాళాల గుత్తి తీశారు.

"రా అల్లుడూ, ఇలా దగ్గరికి రా."

అయిపోయింది. నలుగురిలో పరువు తీసి, ఆనక తాళాలు తోడల్లుడికిస్తారు. అంతకంటే తనే ముందు ఒప్పేసుకుంటే, జాలిపడి ఇంకో అవకాశం ఇస్తారేమో! పెద్దల్లుడు ఒక్క ఉదుటున మామగారి కాళ్ళమీద పడ్డాడు.

"మీకంతా తెలుసని నాకు తెలుసు మామయ్యగారూ! ఆ సైకిల్లో సీసం పోసింది నేనే. తమ్ముణ్ణి ఓడిద్దామని పోశాను, నేనే మోసి చచ్చాను. బుద్ధొచ్చింది. ఈ పందెం చెల్లదనండి, మళ్ళీ పెట్టండి!"

అందరూ నోళ్ళు తెరిచారు. చిన్నల్లుడు గబగబా సీటు ఊడబెరికి, గుడ్డ పీకి, సైకిలు తలకిందులు చేశాడు. సీసం గుళ్ళు జలజలా రాలి గుట్ట కిందికి దొర్లిపోయాయి.

"ఎంత పని చేశావన్నయ్యా!" అన్నాడు. పెద్దకూతురు రెండు చేతుల్లో ముఖం దాచుకుంది.

మామగారు వంగి ఒక గుండు ఏరి, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశారు. తర్వాత తాళాల గుత్తి తీసుకెళ్ళి చిన్నల్లుడి చేతిలో పెట్టి, పెద్దల్లుణ్ణి భుజం పట్టుకుని వ్యాను వెనక్కి లాక్కెళ్ళారు.

"నాకేం తెలుసయ్యా ఈ సీసం గొడవ!" అన్నారు, పళ్ళు నూరుతూ, గొంతు తగ్గించి. "ముందొచ్చిన సైకిలు ఎవరు చేస్తే వాళ్ళకే షాపని చెబుదామనుకున్నాను. ఆ పొట్టతో నువ్వెక్కి చావలేవనేగా, నిన్ను గెలిపించడానికి నీ సైకిలు వాడిచేత తొక్కించాను!"