నల్లపూసలు గుచ్చిన చెయ్యి

కుళాయి దగ్గర బిందె ఎత్తుకోబోతే సూరమ్మ మెళ్లో నల్లపూసల తాడు పుటుక్కున తెగింది.

పూసలు గచ్చంతా చెల్లాచెదరయ్యాయి. నీళ్లకొచ్చిన ఆడవాళ్లు గతుక్కుమన్నారు. మొగుడు ఇంకో పెళ్లికి సిద్ధమవుతున్నాడని తెలిసిన వారంలోనే తాడు తెగిందంటే ఎవరికైనా భయమే కదా మరి.

సూరమ్మ మొగుడు భీమారావు వాల్తేరు లోకో షెడ్డులో ఫైర్‌మన్. పిల్లలు పుట్టలేదని పెళ్లాన్ని రాయపూర్‌లో పుట్టింటికి పంపేశాడు. వైశాఖంలో బొబ్బిలి పిల్లతో ముహూర్తం పెట్టుకున్నాడని వాల్తేరు పాసింజర్లో వచ్చినవాళ్లెవరో చెప్పిపోయారు. అప్పట్నుంచి సూరమ్మ తల్లి దాలమ్మకి ముద్ద దిగడం లేదు. ఇంటాయన పోయాడు. వెళ్లి అడుగుదామంటే కొడుకు చిన్నారావు నోట్లో నాలుక లేనివాడు.

ఆ పూసలన్నీ ఓపిగ్గా ఏరి కొంగులో పోసుకున్నది ఒక్క తాయారమ్మే.

తాయారమ్మ రైల్వే క్వార్టర్లకి కొత్తగా వచ్చిన మనిషి. గార్డు సూర్యారావుకి పిన్ని. ఆవిడకి గుండె బాగాలేదని ఆయనే తెచ్చి పెట్టుకున్నాడు. ఆయనెప్పుడూ డ్యూటీ మీద లైన్లోనే ఉంటాడు, ఎవరితోనూ మాటల్లేవు. అందుకని ఆవిడ సంగతంతా కుళాయి దగ్గరే తేలిపోయింది.

చిన్నప్పుడు గజ్జె కట్టి మేళంలో ఆడిందట. చీలమండల మీద గజ్జెల కాయలు ఇంకా నల్లగా కనబడేవి. తర్వాత నాటకాల్లో వేషాలు వేసిందట, ఒకటో రెండో టాకీల్లోనూ కనబడిందట. ఇవేవీ ఆవిడ దాచలేదు. ఆ తర్వాత ఏం చేశావని అడిగితే, మద్రాసు సభలో ఉండేదాన్నంది.

మద్రాసులో సభలంటే పాటకచేరీలు, డాన్సులు జరిగే చోట్లని అరవ గుమాస్తాల ఇళ్లలో వీళ్లు వినే ఉన్నారు.

"నువ్వు లెగిస్తే సప్పట్లు కొట్టీవోరేటి?" అని ఒకావిడ మూతి తిప్పింది.

"మొదట్లో నవ్వేవారమ్మా. తర్వాత తర్వాత వినేవారు."

ఆటని చూస్తారు గానీ వినడమేమిటో అని ఆ పూటంతా నవ్వుకున్నారు.

దాలమ్మకి మాత్రం ఆవిణ్ణి చూస్తే ఓ సంగతి తట్టింది. తన అత్తగారి కాలంలో మేళం మనిషికి వైధవ్యం ఉండదని నిత్యసుమంగళి అనేవారు. పెళ్లిళ్లలో నల్లపూసలు ఆవిడ చేతే గుచ్చించేవారు. ఆ చెయ్యి పడిన తాడు తెగదని నమ్మకం. కూతురి కాపురం నిలబెట్టడానికి దేవుడే ఈవిణ్ణి పంపాడనుకుంది దాలమ్మ.

కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్లి, నీ చేత్తోనే గుచ్చి ఇవ్వమని అడిగింది.

తాయారమ్మ కాదనలేదు. కొత్త దారం పేని, చాప మీద కూచుని ఒక్కో పూసా ఎక్కించింది. సగం అయ్యాక తలెత్తింది.

"దాలమ్మా, తాడు నేను గుచ్చుతాను. కానీ ఆ పెళ్లిని తాడు ఆపదు."

"మరేటాపుద్ది?"

"చట్టం. మీ అల్లుడుండే మద్రాసు రాజ్యంలో పెళ్లాం ఉండగా రెండో పెళ్లి ఇప్పుడు చెల్లదు. చేసుకుంటే జైలు. ముహూర్తం లోపే వెళ్లి అడ్డుపడాలి. రేపటి పాసింజరుకి నేనూ వస్తాను, పిల్లని తీసుకుని వెళదాం."

దాలమ్మ నమ్మలేదు. ఆవిడ మేనమామ ఒకే కప్పు కింద ఇద్దరు పెళ్లాల్ని ఏలాడు, ఏ పోలీసూ గడప తొక్కలేదు. పైగా మేళం మనిషిని వెంటేసుకుని వెళితే వియ్యాలవాళ్లు మొహం మీదే నవ్వరూ?

"పెళ్లే నేనిదానివి, కాపరం సంగతి నీకేటి తెలుస్తాదమ్మా? నువ్వు పూసలు గుచ్చీ, సాలు."

తాయారమ్మ వేళ్లు ఒక్క క్షణం ఆగాయి. మళ్లీ కదిలాయి. చివరి ముడి వేసి, తాడు గట్టిగా లాగి చూసి, తనే సూరమ్మ మెళ్లో వేసింది.

"నువ్వేమంటావు పిల్లా?" అని మెల్లగా అడిగింది.

సూరమ్మ తల్లి మొహం కేసి చూసి తల దించుకుంది.

ఆ తాడునే నమ్ముకుని తల్లీకూతుళ్లు కూచున్నారు. తాయారమ్మకి జబ్బు ముదిరితే సూర్యారావు సెలవు పెట్టి విశాఖపట్నం తీసుకుపోయాడు. స్టేషనుకి వీళ్లెవరూ వెళ్లలేదు. వైశాఖం వచ్చింది. బొబ్బిలిలో బాజాలు మోగాయి.

వానలు పడ్డాక, అందరూ పోరితే చిన్నారావు వాళ్లిద్దర్నీ విశాఖపట్నంలో ఓ ప్లీడరు దగ్గరికి తీసుకెళ్లాడు.

ప్లీడరు అంతా విని, ముహూర్తానికి ముందే వచ్చి ఉంటే పీటల దాకా పోనిచ్చేవాణ్ణి కాదన్నాడు. చట్టం ఉంది, ఇప్పుడైనా కేసు వేద్దామన్నాడు.

సూరమ్మ మొదటిసారి నోరు విప్పింది.

"ఆ పిల్ల కడుపుతో ఉందట బాబూ. దాని మొగుణ్ణి జైల్లో ఎట్టీసి నానేటి బాగుపడతాను?"

ప్లీడరు ముందున్న కాగితాలు పక్కకి జరిపాడు. దాలమ్మ కొంగుతో కళ్లొత్తుకుని, ఇంత మంచి చట్టం ఏ దొరగారు చేశారని అడిగింది.

సూరమ్మ చెయ్యి మెళ్లో తాడు మీదికి పోయింది. అది ఎక్కడా వదులవలేదు.

"దొర కాదమ్మా, చాలామంది కలిసి చేసిందే. కానీ సభలో దీనికోసం గట్టిగా నిలబడిన ఆడమనిషి ఒకావిడ ఉంది," అన్నాడు ప్లీడరు. "చిన్నప్పుడు గజ్జె కట్టి, నాటకాలాడి, ఆనక జనం ఓట్లేసి పంపితే మద్రాసు శాసనసభకి వెళ్లింది, కాపురాలు పోయిన ఆడపిల్లల గోడు ఆవిడ చెబుతుంటే మొదట్లో నవ్వారట, తర్వాత విన్నారట, పాపం, పోయిన నెలే ఇక్కడి పెద్దాసుపత్రిలో పోయింది, తాయారమ్మగారని."